యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) గోదావరి డెల్టాలో పుట్టి, అమెరికాలో పరిశోధనలు చేసిన ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలలో శక్తి మారకానికి మూలాధారమైన ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏటీపీ అనే పదార్థాన్ని తొలిసారి వేరుచేసిన వారిలో ఈయన ఒకడు. కణంలో తయారైన మాంసకృత్తులు తమ స్థానాలకు చేరడానికి, సరైన రూపంలో ముడుచుకోవడానికి అవసరమయ్యే శక్తి చాలావరకు ఈ ఏటీపీ నుండే లభిస్తుంది. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డైఇథైల్ కార్బమజీన్ వంటి ఔషధాల ఆవిర్భావానికి దారితీసిన పరిశోధనలకు కూడా ఈయన నాయకత్వం వహించాడు. ఇంత చేసినా జీవించి ఉన్న కాలంలో ఈయనకు తగిన గుర్తింపు లభించలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో జన్మించాడు. అప్పట్లో ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం. దగ్గరి బంధువులు వ్యాధుల పాలై అకాల మరణం చెందడం బాలుని చదువును బాగా దెబ్బతీసింది.

సుబ్బారావు పాఠశాల విద్య రాజమహేంద్రవరంలో ఒడిదుడుకులతో సాగింది. చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆపై మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. ఈ దశలో రామకృష్ణ మిషన్ పట్ల ఆకర్షితుడై సన్యసించాలని తలచాడు గాని, తల్లి అందుకు సమ్మతించలేదు. రోగులకు సేవచేయడం కూడా ఒక సాధనే అన్న భావనతో వైద్యవిద్య వైపు మళ్ళాడు.

వైద్యవిద్య

మిత్రుల సహాయంతోను, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఇచ్చిన ఆర్థిక సహాయంతోను సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరిని వివాహం చేసుకున్నాడు. అది జాతీయోద్యమం ఊపందుకుంటున్న కాలం. విదేశీ వస్తువులను బహిష్కరించాలన్న గాంధీజీ పిలుపుననుసరించి ఈయన శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు రుచించలేదు. రాతపరీక్షలలో రాణించినప్పటికీ సుబ్బారావుకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశం దొరకక, ఈయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా చేరాడు. ప్రసిద్ధ వైద్యుడు ఆచంట లక్ష్మీపతి ఆ కళాశాలకు సారథి. సుబ్బారావు సోదరులలో ఇద్దరు స్వల్ప వ్యవధిలోనే ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆహారంలోని పోషకాలను పేగులు గ్రహించలేకపోవడం, ఎడతెగని విరేచనాలు, రక్తహీనత ఈ వ్యాధి లక్షణాలు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకగా, లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆధునిక వైద్యానికి అప్పటికి అంతుపట్టని ఈ వ్యాధి మూలాన్ని కనుగొనాలన్న పట్టుదల ఈయనలో బలపడింది.

అమెరికా పయనం

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన సహాయంతోను, మామగారి ఆర్థిక సహాయంతోను సుబ్బారావు 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాకు ప్రయాణమయ్యాడు. బోస్టన్ నగరం చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగంలో డిప్లొమా పొందాడు. భారతీయ వైద్య పట్టాకు అక్కడ గుర్తింపు లేనందున వైద్యవృత్తి చేపట్టే అవకాశం లేకపోయింది. జీవనభృతి కోసం ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపాటి పనులు చేస్తూ పగలు చదువుకున్నాడు. భార్య స్వదేశంలోనే ఉండిపోయింది. ఈయన వెళ్ళిన తరువాత జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను సుబ్బారావు చూడనేలేదు. కొద్ది సంవత్సరాలలో తిరిగిరావాలని బయలుదేరిన ఈయన మరల భారతదేశానికి రాలేదు.

డిప్లొమా తరువాత హార్వర్డు వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరాడు. రక్తంలోను, మూత్రంలోను ఉండే పదార్థాలను కొలిచే పద్ధతులకు ప్రసిద్ధుడైన ఆటో ఫోలిన్ ఆ విభాగానికి అధిపతి. అక్కడ సుబ్బారావు సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశాడు.

ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి

శరీర ద్రవాలలోను, కణజాలాలలోను భాస్వరం ఎంత ఉన్నదో తేలికగా, కచ్చితంగా కొలిచే విధానం అప్పటికి లేదు. ఫిస్క్, సుబ్బారావులు రూపొందించిన పద్ధతి 1925లో ప్రచురితమైంది. దీని సూత్రం ఇది: పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లాన్ని, మాలిబ్డేటు లవణాన్ని కలిపితే అందులోని ఫాస్ఫేటు మాలిబ్డేటుతో సంయోగం చెందుతుంది. ఈ సంయోగ పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు ఏర్పడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలిరంగు అంత చిక్కగా ఉంటుంది. రంగు చిక్కదనాన్ని కొలిచి ఫాస్ఫేటు పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు.

ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో స్థిరపడింది. దీనిని ప్రకటించిన పరిశోధన పత్రం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన వాటిలో ఒకటి. ఏటీపీని విడగొట్టే ఎంజైముల వేగాన్ని తెలుసుకోవడానికి, అవి విడుదల చేసే ఫాస్ఫేటును ఈ పద్ధతితోను, దీని నుండి పుట్టిన ఇతర పద్ధతులతోను తరువాతి తరాల శాస్త్రవేత్తలు కొలుస్తూ వచ్చారు.

ఫాస్ఫోక్రియాటిన్

ఈ పద్ధతిని కండరాలకు అన్వయించినపుడు ఒక వింత కనిపించింది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, కొంత ఆలస్యంగా పెరుగుతూ వచ్చింది. దీనిని పరికరాల లోపంగా భావించి వదలివేయక, కారణం కోసం వెదకారు. కండరంలో ఆమ్లానికి తట్టుకోలేని ఒక భాస్వర పదార్థం ఉన్నదని, పరీక్ష జరుగుతుండగా అది మెల్లగా విడిపోయి ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదని తేలింది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఈ ఫలితాన్ని 1927లో ప్రకటించారు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్ని విడిగా గుర్తించారు.

కండరం సంకోచించడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటం నుండి వస్తుందని అప్పటి శాస్త్రలోకం నమ్మేది. కండర పరిశోధనలకు గాను ఆర్చిబాల్డ్ హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కండరం పనిచేసేటపుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గి, విశ్రాంతిలో మళ్ళీ పెరుగుతుందని తెలియడంతో ఈ నమ్మకం సడలింది. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా ఆపినప్పటికీ కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ నిరూపించాడు.

ఏటీపీ

ఫాస్ఫోక్రియాటిన్ తరువాత ఫిస్క్, సుబ్బారావులు కండరంలోని మరొక భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. ఎడినిన్, రైబోజ్ చక్కెర, వరుసగా అతుక్కున్న మూడు ఫాస్ఫేటులు కలిసిన ఈ పదార్థమే ఏటీపీ. దీని వివరాలను 1929 అక్టోబరులో ప్రచురించారు. జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమాన్ ఇదే పదార్థాన్ని గూర్చి అదే సంవత్సరం ఆగస్టులో ప్రకటించాడు. రెండు పరిశోధనలు వేరువేరుగా జరిగినవి. కాబట్టి ఏటీపీని సుబ్బారావు ఒక్కడే కనుగొన్నాడనడం గాని, ఈయన పేరును విడిచిపెట్టి లోమాన్‌ను మాత్రమే పేర్కొనడం గాని సరికాదు. ఫిస్క్, సుబ్బారావు, లోమాన్‌లలో ఎవరికీ నోబెల్ బహుమతి రాలేదు.

1930లో సుబ్బారావు పి.హెచ్‌డి. పట్టా పొందాడు. ఏటీపీ కణమంతటికీ శక్తిని అందించే మారకద్రవ్యమని ఫ్రిట్జ్ లిప్‌మాన్ 1941లో ప్రతిపాదించాడు. ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ బృందం దీనిని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వార్త వెలువడిన 1948లోనే సుబ్బారావు మరణించాడు.

ఏటీపీ, మాంసకృత్తుల రవాణా

ఏటీపీని వేరుచేసిన నాటికి దానిని కండర సంబంధమైన పదార్థంగానే భావించేవారు. కణంలోని అతి సూక్ష్మమైన పనులకు సైతం అది అవసరమని తెలియడానికి అనేక దశాబ్దాలు పట్టింది. అందులో ముఖ్యమైనది మాంసకృత్తుల రవాణా, ముడత. ఈ పరిశోధనలు సుబ్బారావు చేసినవి కావు. కాని ఈయన వేరుచేసిన పదార్థం ఎంత విలువైనదో వీటి వలన బోధపడుతుంది.

మాంసకృత్తులు రైబోసోములపై అమైనో ఆమ్లాల గొలుసులుగా తయారవుతాయి. తయారైన ప్రతి గొలుసు తన స్థానానికి చేరాలి. ఎక్కడికి పోవాలో తెలిపే సంకేతం ఆ గొలుసులోనే కొన్ని అమైనో ఆమ్లాల వరుసగా ఉంటుంది. ఉత్తరం మీది చిరునామా వంటి ఈ సంకేతాన్ని గూర్చిన సిద్ధాంతాన్ని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి లభించింది.

మైటోకాండ్రియా విషయమే తీసుకుంటే, మానవ మైటోకాండ్రియాలోని సొంత జన్యుపదార్థం 13 మాంసకృత్తులకు మాత్రమే సరిపోతుంది. అక్కడ పనిచేసే వందలాది ఇతర మాంసకృత్తులన్నీ బయట, కణద్రవ్యంలో తయారై లోపలికి రావలసినవే. మైటోకాండ్రియాకు రెండు పొరలు ఉంటాయి. వాటిలోని ద్వారాలు చాలా ఇరుకైనవి. కాలువలో పోయే పడవ వంతెన వద్ద తెరచాప కొయ్యను దించుకున్నట్లు, మాంసకృత్తు గొలుసు తన ముడతను విప్పుకొంటే గాని ఈ ద్వారాల గుండా దూరలేదు. లోపలి పొరకు ఇరువైపులా ఉండే విద్యుదావేశ భేదం గొలుసు మొదలును లోపలికి లాగుతుంది. మిగిలిన భాగాన్ని లోపల కాచుకొని ఉండే హెచ్‌ఎస్‌పీ 70 అనే సహాయక మాంసకృత్తు ఏటీపీని ఖర్చుచేస్తూ లోనికి చేరవేస్తుంది.

మాంసకృత్తుల ముడత

లోపలికి చేరిన గొలుసు మళ్ళీ సరిగా ముడుచుకోవాలి. మాంసకృత్తు పని దాని ఆకారంపై ఆధారపడి ఉంటుంది. ముడుచుకోవడానికి కావలసిన సమాచారమంతా అమైనో ఆమ్లాల వరుసలోనే ఉన్నదని నిరూపించిన క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ 1972లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడు. పరీక్షనాళికలో కొన్ని మాంసకృత్తులు వాటంతటవే ముడుచుకుంటాయి. కాని కణం లోపల స్థలం కిక్కిరిసి ఉంటుంది. సగం ముడుచుకున్న గొలుసులు ఒకదానికొకటి అతుక్కొని ముద్దగా మారే ప్రమాదం ఉన్నది. దీనిని నివారించే సహాయక మాంసకృత్తులను ఛాపరోన్లు అంటారు.

మైటోకాండ్రియాలోని హెచ్‌ఎస్‌పీ 60 అనే ఛాపరోను పీపా ఆకారంలో ఉంటుంది. విప్పారిన గొలుసు ఈ పీపాలోకి ప్రవేశిస్తుంది. ఏటీపీ వచ్చి చేరగానే పీపాకు మూత పడుతుంది. లోపల ఏకాంతంలో గొలుసు ముడుచుకుంటుంది. ఏటీపీ విచ్ఛిన్నమైన తరువాత మూత తెరుచుకొని మాంసకృత్తు బయటికి వస్తుంది. బయటినుండి వచ్చే మాంసకృత్తులు మైటోకాండ్రియాలో ముడుచుకోవడానికి హెచ్‌ఎస్‌పీ 60, ఏటీపీ రెండూ అవసరమని 1989లో ఫ్రాంజ్ ఉల్రిచ్ హార్ట్ల్, ఆర్థర్ హార్విచ్ తదితరుల ప్రయోగాలలో తేలింది.

కణం వెలుపలికి పోవలసిన మాంసకృత్తుల మార్గం వేరు. అవి ముందుగా అంతర్జీవద్రవ్య జాలంలోకి ప్రవేశిస్తాయి. అక్కడ బిప్ అనే ఛాపరోను ఏటీపీ సహాయంతో వాటిని కనిపెట్టుకొని ఉంటుంది. సరిగా ముడుచుకున్నవి చిన్న తిత్తులలో గాల్జీ సంక్లిష్టానికి ప్రయాణమవుతాయి. తిత్తులు తమ గమ్యస్థానపు పొరలో కలిసిపోయాక, వాటిని అతికించిన భాగాలను విడదీసి మరల వాడుకకు సిద్ధం చేయడానికి కూడా ఏటీపీయే కావాలి. సరిగా ముడుచుకోని మాంసకృత్తులు బయటికి నెట్టబడి, ముక్కలు చేయబడతాయి. ఈ నాశనానికి సైతం ఏటీపీ ఖర్చవుతుంది. రవాణాలో అన్ని అంచెలూ ఏటీపీతోనే నడుస్తాయని కాదు; కేంద్రకంలోకి ప్రవేశం వంటి కొన్ని పనులకు దానికి సన్నిహితమైన జీటీపీ ఉపయోగపడుతుంది.

ఈ వ్యవస్థ తప్పితే కలిగే నష్టానికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఒక ఉదాహరణ. చాలామంది రోగులలో ఒకే ఒక అమైనో ఆమ్లం లోపించినందున ఒక మాంసకృత్తు సరిగా ముడుచుకోక, కణం అంచుకు చేరకముందే నాశనమవుతుంది. దానితో ఊపిరితిత్తులు, క్లోమం దెబ్బతింటాయి.

శరీరంలో ఏ క్షణాన చూచినా ఉండే ఏటీపీ చాలా కొద్ది. అది నిరంతరం విడిపోతూ, తిరిగి ఏర్పడుతూ ఉంటుంది. మనిషి ఒక్క రోజులో ఈ విధంగా వాడుకునే ఏటీపీ సుమారుగా అతని శరీరపు బరువుకు సమానమని అంచనా.

లెడర్లీ ప్రయోగశాల

ఇన్ని ఫలితాలు సాధించినా సుబ్బారావుకు హార్వర్డులో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. ఈయన చేసిన పరిశోధనలలో కొన్ని ఫిస్క్ కారణంగా వెలుగుచూడలేదని, అందువలన అవే విషయాలను ఇతరులు తరువాత మరల కనుగొనవలసి వచ్చిందని అదే విభాగంలో చదివి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అభిప్రాయపడ్డాడు. ఆనాటి అమెరికా చట్టాలు కూడా ప్రతికూలంగానే ఉండేవి. 1946 వరకు భారతీయులకు అక్కడి పౌరసత్వం పొందే అర్హత లేదు. అర్హత వచ్చిన తరువాత కూడా సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు.

1940లో ఈయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అది అమెరికన్ సైనమిడ్ అనే రసాయన సంస్థకు చెందినది. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యాడు. ఇక్కడి ఫలితాలన్నీ బృందాల కృషి. సుబ్బారావు లక్ష్యాన్ని నిర్ణయించి, తగినవారిని సమకూర్చి, వారి పేరుతోనే ఫలితాలను వెలువరించేవాడు. తన పేరును ముందుకు తెచ్చుకోకపోవడం ఈయన మరుగున పడటానికి ఒక కారణం.

ఫోలిక్ ఆమ్లం: కాలేయంలో ఉండే ఈ విటమినును లెడర్లీ బృందం వేరుచేసి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. కొన్ని రకాల రక్తహీనతలకు, ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి ఇది మందుగా పనిచేస్తుంది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఈ విధంగా సుబ్బారావు నాయకత్వంలోనే ఔషధం సిద్ధమైంది.

కాన్సరు ఔషధాలు: ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే ఎమినాప్టెరిన్‌ను లెడర్లీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తకాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. దీనికి సన్నిహితమైన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సరుకు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది.

బోదకాలు ఔషధం: రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ ద్వీపాలలో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు కోసం అన్వేషణ మొదలైంది. లెడర్లీలో రూపొందిన డైఇథైల్ కార్బమజీన్ వివరాలు 1947లో వెలువడ్డాయి. దోమల ద్వారా వ్యాపించే ఈ వ్యాధికి గోదావరి డెల్టా చిరకాలంగా నెలవు. ఈ మందు రక్తంలోని సూక్ష్మ ఫైలేరియా క్రిములను నశింపజేస్తుంది. అప్పటికే వాచిపోయిన కాలును మాత్రం పూర్వస్థితికి తేలేదు. అందువలన వ్యాధి ముదరకముందే జనులందరికీ ఇవ్వడం ప్రధానం. 2004 నుండి భారత ప్రభుత్వం వ్యాధిపీడిత జిల్లాలలో చేపట్టిన సామూహిక ఔషధ పంపిణీకి ఇదే ఆధారం.

ఆరియోమైసిన్: టెట్రాసైక్లిన్ తరగతికి చెందిన ఈ తొలి సూక్ష్మజీవనాశకాన్ని బెంజమిన్ డగ్గర్ లెడర్లీలో సుబ్బారావు పర్యవేక్షణలో కనుగొన్నాడు. ఇది 1948లో ప్రజలకు వెల్లడైంది. స్ప్రూ వ్యాధి చికిత్సలో ఫోలిక్ ఆమ్లంతోపాటు టెట్రాసైక్లిన్‌ను కూడా వాడుతారు.

మరణం

1948 ఆగస్టులో సుబ్బారావు అమెరికాలో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఈయన వయస్సు 53 సంవత్సరాలు. భారతదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది నిండవస్తున్నది.

గుర్తింపు

ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ సుబ్బారావు స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు ఈయన పేరు ఎక్కువగా ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి ద్వారానే పరిచయం. ఏటీపీని గూర్చి చదివే పాఠాలలో మాత్రం ఈయన పేరు కానరావడం అరుదు.